దానంతటదే

దుప్పటికి నాలుగో మడత వేస్తుండగా సూపర్‌వైజరు వచ్చి వెనకాల నిలబడింది.

"కమ్మీకి గుడ్డ కట్టింది నేనే, విచారణలో అదే చెప్పేస్తాను అంటున్నావట. నిజమేనా మడతలమ్మా?"

గొంతులో కోపం లేదు. టీ తాగావా అని అడిగినట్టే అడిగింది. మడతలమ్మ చేతిలోంచి దుప్పటి జారి నేలమీద పడింది. ఆ ఆస్పత్రి నేలమాళిగలో, ఆ లాండ్రీలో, ఆమె చేతిలోంచి గుడ్డ కింద పడటం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మూలకి మూల కలిపి అరచేత్తో ఒక్కసారి రాసిందంటే ఎంత మొండి దుప్పటైనా బుద్ధిగా కూచోవాల్సిందే. అందుకే ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"ఎవరు చెప్పారక్కా?"

"ఎవరు చెబితే ఏం? అన్నావా, లేదా?"

మడతలమ్మ వంగి దుప్పటి తియ్యబోయింది. సూపర్‌వైజరు దాన్ని చెప్పుకాలితో మాసిన బట్టల గుట్ట వైపు నెట్టింది. "పెద్దాఫీసు మనిషి గురువారం వస్తున్నాడు. ఈలోపల నువ్వూ నేనూ ఒకసారి కూచోవాలి" అని తన అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది.

నిజానికి ఆవిడ మడతలమ్మ కన్నా నాలుగేళ్ళు చిన్నది. అయినా అక్కే. సబ్బు కలిపే ముసలమ్మ మొదలుకొని బట్టల బండి తోసేవాళ్ళ దాకా ఆ నేలమాళిగలో అందరికీ ఆవిడ అక్కే. హాజరు పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అక్క అవుతారు, అంతే.

ఆ మాట మడతలమ్మ ఈ లోకంలో ఒక్క మనిషితోనే అంది. నిన్న మధ్యాహ్నం, సబ్బు గది గుమ్మంలో నిలబడి, సబ్బు కలిపే నురగ పెద్దమ్మతో అంది. తొమ్మిది రోజులుగా గొంతుకి అడ్డం పడి మింగుడుపడని మాట అది. చెప్పాక కాస్త ఊపిరాడింది కూడా.

ఇస్త్రీ రోలరుకి తడి దుప్పటి అందించే చోట, వేళ్ళ ఎత్తున, అడ్డంగా ఒక ఇనప కమ్మీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే రోలరు టక్కున ఆగిపోతుంది. దుప్పటి అంచు మందంగా ఉన్నా ఆగుతుంది, ముడత పడ్డా ఆగుతుంది, ఒక్కోసారి ఏమీ లేకపోయినా ఆగుతుంది. పని సాగడం లేదని సూపర్‌వైజరు పళ్ళు నూరింది. "ఆ గోల కాస్త కట్టిపడెయ్ మడతలమ్మా" అంది. మడతలమ్మ చిరిగిన దిండు గలీబు పీలిక తీసుకుని కమ్మీని వెనక్కి లాగి కట్టింది. గట్టిగా, చక్కగా, తన అలవాటు చొప్పున రెండు ముళ్ళు వేసి మరీ కట్టింది. తర్వాత ఆ రోలరు ముందుకి అమ్మడిని మార్చారు. అమ్మడు ఆమె సొంత తోడికోడలు. తొమ్మిది రోజుల కిందట అమ్మడి కుడి చెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు తేల్చేశాడు.

కమ్మీ ఎవరు కట్టారో అమ్మడికి తెలియదు. పని తొందరగా తెముల్చుకోవడానికి అమ్మడే కట్టుకుందని సూపర్‌వైజరు కాగితం రాస్తోంది. ఆ కాగితం నిలబడిందంటే అమ్మడికి ఉద్యోగమూ పోతుంది, ఆ చేతికి వైద్యమూ ఆగిపోతుంది.

మడతలమ్మ దుప్పట్లన్నీ అలాగే వదిలేసి సబ్బు గదికి నడిచింది. నురగ పెద్దమ్మ మోచేతుల దాకా నురగలో ఉంది.

"నోట్లో నువ్వుగింజ నానదా నీకు? ఒక్కరోజు ఆగలేకపోయావా?"

"ఏమయిందే?"

"ఏమయిందా? నేనన్నది అన్నట్టు ఆవిడ చెవిలో ఊదేసి, ఇప్పుడు ఏమయిందే అంటావా? ఎంతకి అమ్ముడుపోయావు? ఆవిడ ఒక పూట సెలవిస్తానందా?"

నురగ పెద్దమ్మ పాతికేళ్ళుగా ఆ గదిలో సబ్బు కలుపుతున్న మనిషి. ఒకళ్ళని పల్లెత్తు మాట అని ఎరగదు, ఒకళ్ళ చేత అనిపించుకునీ ఎరగదు. చేతులు నురగలోంచి బయటికి తీసింది, ఎందుకు తీసిందో మరిచిపోయినట్టు మళ్ళీ లోపల పెట్టింది.

"వెళ్ళమ్మా. పని చూసుకో" అంది చివరికి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మడు మంచం మీద కూచుని, ఎడం చేత్తో పాల గిన్నె పట్టుకుని, మోకాళ్ళ మధ్య తన కూతురు బుడ్డిదాన్ని ఇరికించుకుని తాగిస్తోంది. సగం పాలు గౌనుకే పట్టాయి. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, రంగులు వేసే పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు, వారానికోసారి వస్తారు. రెండు గదుల ఇంట్లో పగలంతా అమ్మడూ, రెండేళ్ళ పిల్లా, ఒక మంచి చెయ్యీ.

మడతలమ్మ గిన్నె అందుకుంది. పిల్లకి మూతి తుడిచింది. తర్వాత రోజూలాగే దువ్వెన తీసుకుని అమ్మడి వెనకాల కూచుంది. ఒంటి చేత్తో జడ వేసుకోవడం ఎవరివల్లా కాదు. బుడ్డిదాని ఏడుపు మాన్పడానికి అమ్మడు మంచం మీదున్న తోడికోడలి ఫోను తీసింది. బొమ్మలు పెట్టబోయి ఆగింది.

"అక్కా, నిన్న మధ్యాహ్నం ఆవిడకి ఫోన్ చేశావా?"

"ఎవరికి?"

"మీ సూపర్‌వైజరక్కకి. తొమ్మిది నిమిషాలు మాట్లాడినట్టుంది."

దువ్వెన జుట్టు మధ్యలో ఆగిపోయింది. మడతలమ్మ ఫోను లాక్కుని చూసింది. అక్క, తొమ్మిది నిమిషాలు. దాని కింద అక్క, నలభై సెకన్లు. ఇంకా కింద అక్క, రెండు నిమిషాలు. అన్నీ తను పనిలో ఉన్న వేళలే. ఫోను ఏప్రాను జేబులో ఉంది, చేతులు దుప్పట్లలో ఉన్నాయి. నిన్న సబ్బు గది గుమ్మంలో ఏడుస్తూ చెప్పుకున్నదంతా ఆవిడ అద్దాల గదిలో కూచుని తీరిగ్గా విన్నది.

పాపం నురగ పెద్దమ్మ, అనుకుంది మొదట. ఆ తర్వాత ఫోను బోర్లించి మంచం మీద పెట్టేసింది.

"నేను చెయ్యలేదే అమ్మడూ. దానంతటదే కలిసుంటుంది."

"దానంతటదే కలుస్తుందిలే. తొమ్మిది నిమిషాలు దానంతటదే మాట్లాడిందా?"

ఏం మాట్లాడిందో చెబితే కదా, మాట్లాడలేదని నమ్మేది! మడతలమ్మ గబగబా జడ అల్లేసింది, మూడు పాయలూ మూడు దారులుగా వచ్చాయి. అమ్మడు తల తిప్పలేదు.

"నిన్నేం అనడం లేదక్కా. ఆవిడ ఏదో కాగితం రాస్తోందట, అందుకని అడిగా. నేను వెళ్ళేసరికే ఆ గుడ్డ కట్టుంది. ఎవరు కట్టారో వాళ్ళొచ్చి ఒక్క మాట చెబితే చాలు. నేనేమన్నా కొరుక్కు తింటానా వాళ్ళని?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అమ్మడు ఆ మాటంటూ కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో ఒళ్ళోకి తీసుకుంది, నిద్రపోయిన పిల్లని సర్దుకున్నట్టు. మడతలమ్మకి ఆ చెయ్యి చూస్తూ చెప్పే ధైర్యం చాలలేదు.

మంగళవారం పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఫోన్లు బాగుచేసే కొట్టు దగ్గర ఆగింది. కొట్టతను బట్టతల మీదికి కళ్ళద్దాలు తోసుకుని ఫోను అటూ ఇటూ తిప్పాడు. పక్క మీట నొక్కాడు. అది లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఇది అరిగిపోయిందండీ. దీపం ఆర్పితే ఆరదు. మీరేమో ఎక్కువసేపు వెలిగేలా పెట్టుకున్నారు."

"అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపు ఆరిపోతోందని మా మరిది పెట్టాడు. తాళం కూడా తీసేశాడు. నీళ్ళలో నానిన వేళ్ళు అది గుర్తుపట్టదు."

"అదీ సంగతి. తడి గుడ్డ తగిలితే వేలే అనుకుంటుంది. పేర్ల పట్టీ తెరిచి ఉంటే, పైనున్న పేరుకి ఫోన్ వెళ్ళిపోతుంది." పట్టీ తెరిచి చూసి నవ్వాడు. "అక్క. మరి అ తర్వాత క కన్నా ముందు ఏముంటుంది? మా దగ్గరికి వచ్చే వాళ్ళందరిదీ ఇదే గొడవండీ. అక్కా, అత్తా, అన్నా, అమ్మా, అల్లుడూ, మన వాళ్ళంతా అ లోనే ఉంటారు కదా. ఫోను పొరపాటున కలిసిందంటే చుట్టాలకే కలుస్తుంది. షావుకారుకి కలవమన్నా కలవదు."

"నవ్వకండి బాబూ. నాకు పీకల మీదికి వచ్చింది."

అతను నవ్వు ఆపేశాడు. మీట మార్చడానికి సామాను శుక్రవారానికి గానీ రాదన్నాడు. శుక్రవారానికి అంతా అయిపోతుంది, అనుకుంది మడతలమ్మ. పని వేళల్లో ఫోను పూర్తిగా కట్టేయమన్నాడు. అది కుదరదంది. ఒంటి చేత్తో పిల్లతో ఇంట్లో ఉన్న మనిషి, జారిపడినా కట్టు తడిసినా ఎవరికి చెప్పుకుంటుంది?

"అయితే పేరు మార్చేద్దాం. అక్క తీసేసి సూపర్‌వైజరు అని పెడతా. ఎక్కడో అడుక్కి పోతుంది." రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. "ఇప్పుడు పైన అమ్మడు అని ఉంది. ఫరవాలేదా?"

"ఫరవాలేదు. అది ఇంటి మనిషే" అంది మడతలమ్మ. గుండెల మీది పెద్ద బరువు దించినట్టయింది ఆమెకి. ఫోను అందుకుని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

నురగ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి చెంపలు వేసుకుంది. ఫోను చూపించింది. ముసలామె తడి చేత్తో దాన్ని ముట్టుకోడానికి కూడా ఇష్టపడలేదు.

"నా చెవులే నాకు సరిగ్గా వినపడవు. ఇంకొకళ్ళ చెవిలో నేనేం ఊదుతానే? రాత్రంతా ముద్ద దిగలేదు నాకు."

"బుద్ధి గడ్డి తింది పెద్దమ్మా."

"సరే, నీ బుద్ధి సంగతి అలా ఉంచు. ఆవిడకి తెలిసిపోయింది కదా. ఇప్పుడేం చేస్తావు? అమ్మడికి చెప్పావా?"

మడతలమ్మ నేల చూపులు చూసింది. నురగ పెద్దమ్మ బకెట్లోంచి నురగ తీసి పక్కకి విదిలించింది.

"ఆ పిల్ల ఇంకొకళ్ళ నోట వినకుండా చూసుకో. అంతకన్నా నేనేం చెప్పలేను."

ఆ రోజు ఫోను మూడుసార్లు అమ్మడికి కలిసింది. మొదటిసారి అమ్మడే తిరిగి చేసి, "ఏంటక్కా?" అంది. ఏం లేదే, అదే కలిసిందంది మడతలమ్మ. రెండోసారి నవ్వింది. మూడోసారి నవ్వలేదు.

"చాలాసేపు హలో హలో అన్నా. రోలరు చప్పుడే వినపడుతోంది. అక్కా, ఏమనుకోకు, ఆ చప్పుడు వింటుంటే చెయ్యి లాగుతోంది."

మడతలమ్మ కాలుగాలిన పిల్లిలా అయిపోయింది. ఫోనుకి రుమాలు చుట్టింది, కలిసింది. సబ్బు పొడి ఖాళీ సంచిలో పెట్టి మెలిపెట్టింది, మోగితే వినపడలేదు, అయినా కలిసింది. అట్టముక్క కోసి దాని మొహానికి కట్టింది, ఒక గంట ఊరుకుంది. ఆవిరికి అట్ట మెత్తబడింది, మళ్ళీ మామూలే. ఏప్రాను జేబులోంచి తీసి దుప్పట్ల దొంతర మీద పెడితే, బట్టల బండి వాడు దొంతరతో సహా మూడో అంతస్తుకి తోసుకుపోయాడు. మెట్లన్నీ పరుగెత్తి తెచ్చుకుంది. నవ్వేవాళ్ళు నవ్వారు. ఆమెకి మాత్రం ఏడుపొచ్చింది. ఆ చేతికి చేసిన అపకారం చాలనట్టు, ఆ రోలరు చప్పుడు ఇంటిదాకా మోసుకెళ్ళి దాని చెవిలో పోస్తోంది తను.

బుధవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు అద్దం మీద వేలితో కొట్టి పిలిచింది.

మడతలమ్మ చేతిలో ఇంకా తడి ఆరని దిండు గలీబుల కట్ట ఉంది. టైమెంతయిందో ఒకసారి ఫోనులో చూసుకుని జేబులో వేసుకుంది. గలీబులు పొట్టకి ఆనించుకుని లోపలికి వెళ్ళింది. ఎక్కడ పెట్టాలో తెలియక వాటిని అలాగే పట్టుకుని కూచుంది. తలుపు మూస్తే అద్దాల గదిలో రోలరు చప్పుడు సగానికి సగం తగ్గిపోతుంది. అంత నిశ్శబ్దంలో కూచోవడం ఆమెకి అలవాటు లేదు.

సూపర్‌వైజరు కాగితం తన వైపునుంచి ఆమె వైపుకి తిప్పింది.

"చదవనా? నువ్వే చదువుకుంటావా?"

"మీరే చదవండక్కా."

"రోలరు కమ్మీకి గుడ్డ కట్టుకున్నది గాయపడిన కార్మికురాలే. అలా కట్టడం నేను కళ్ళారా చూశాను. వద్దని చెప్పినా వినలేదు. ఇంతే. కింద నీ సంతకం."

"అమ్మడు కట్టలేదక్కా. నేను కట్టాను. మీరు కట్టమంటేనే కదా కట్టాను."

"అన్నాను. కాదన్నానా? కట్టమన్నాను." సూపర్‌వైజరు కలం మూత తీసి పక్కన పెట్టింది. "అన్నానని ఎవరు విన్నారు? రోలరు చప్పుడులో నీకు తప్ప ఎవరికి వినపడింది? నువ్వు కట్టావన్నది మాత్రం నేను విన్నాను, నీ నోటితోనే, తొమ్మిది నిమిషాలు. ఇప్పుడు నీ పేరు రాయమంటావా? రాస్తే నీ ఉద్యోగం పోతుంది. చెయ్యి పోగొట్టావని కేసు పెడతారు. అమ్మడు ఎలాగూ ఇక రోలరు ముందు నిలబడలేదు. ఒకళ్ళు పోవడమా, ఇద్దరు పోవడమా, అది చెప్పు నాకు."

మడతలమ్మ అద్దంలోంచి బయటికి చూసింది. రోలరు ముందు ఇప్పుడు ఇంకెవరో కొత్తామె నిలబడి ఉంది. తడి దుప్పటి అంచు రెండు చేతులా సాగదీసి లోపలికి అందిస్తోంది. కమ్మీ ఈసారి కట్టలేదు. రోలరు ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది.

"బుడ్డిదానికి పాలు కొనేది ఎవరు? నీ జీతమే కదా" అంది సూపర్‌వైజరు మెత్తగా. "నేనేమైనా రాక్షసినా? నాకూ పైనుంచి ఉంటాయి. సంతకం పెట్టెయ్. ఇంట్లో నువ్వు చెప్పకపోతే ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?"

ఆ ఆఖరి మాటే ఆమెని పడగొట్టింది. ఎలా తెలుస్తుంది? ఆ రెండు గదుల ఇల్లు నిలబడాలి, బుడ్డిది ఆకలికి ఏడవకూడదు, అమ్మడు సాయంత్రం తన ముందు వీపు పెట్టి కూచోవాలి. ఈ మూడూ కావాలంటే ఇదొక్కటే దారిలా కనిపించింది. గలీబులు ఒళ్ళో పెట్టుకుని, తడి చెయ్యి ఏప్రానుకి తుడుచుకుని, సంతకం పెట్టింది. వేలి చెమ్మకి ఆఖరి అక్షరం అలుక్కుపోయింది.

బయటికి వచ్చి గలీబుల కట్ట మడతల బల్ల మీద పడేసింది. ఎంతసేపయిందో చూద్దామని ఫోను తీసింది.

అమ్మడు. పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఇంకా నడుస్తోంది. మడతలమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. అవతల బుడ్డిది ఏదో గిన్నె మీద చెంచాతో కొడుతోంది. ఫోనుకి బాగా దగ్గరగా, ఎవరో నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతున్నారు. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

మిగతా పూటంతా ఆమె మడతలు వేస్తూనే ఉంది. ఎన్ని వేసిందో, ఎలా వేసిందో తెలియదు. మూలలు కలవని దుప్పట్లు దొంతర్లుగా లేచాయి. నురగ పెద్దమ్మ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా, ఒక్కొక్కటే విప్పి మళ్ళీ వేసింది.

ఇంటి మెట్లు ఎక్కుతూ ప్రతి మెట్టు మీదా ఒక మాట తయారు చేసుకుంది. పై మెట్టుకి వచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు. తలుపు చేరవేసి ఉంది. అమ్మడు నేలమీద కూచుని, బుడ్డిదాని గౌన్లు ఎడం చేత్తో మడతపెట్టడానికి ప్రయత్నిస్తోంది. గడ్డంతో ఒక అంచు నొక్కి పెట్టి, వేళ్ళతో రెండో అంచు లాగుతోంది.

"వచ్చావా? మధ్యాహ్నం నీ ఫోను మోగిందక్కా. బుడ్డిది నిద్రలో ఉంది, లేస్తుందేమోనని నేనెత్తలేదు. ఏమన్నా పని మీద చేశావా?"

మడతలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. గిన్నె మీద చెంచా చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

"లేదే" అంది. "దానంతటదే కలిసింది."

"అనుకున్నాలే" అంది అమ్మడు.

గౌను సగం మడతలో వదిలేసి, తలలోంచి పిన్ను తీసి, రోజూ కూచునే చోట వీపు తిప్పి కూచుంది. దువ్వెన తనే ఎడం చేత్తో వెనక్కి అందించింది.

తిట్టినా బాగుండేది. నువ్వా అక్కా, నా చెయ్యి పోగొట్టింది నువ్వా, పైగా నామీదే సంతకం పెట్టొచ్చావా, అని జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేది. అలా చేస్తే తనూ ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, ఎంతో కొంత తేలికపడేది. ఈ పిల్ల ఆ దారి కూడా మూసేసింది. నేను వినలేదు అని ఒక్క అబద్ధం చెప్పి, తోడికోడలి పరువు దాచి, వీపు అప్పగించి కూచుంది. మడతలమ్మ ఏడుస్తూనే దువ్వింది. చప్పుడు కాకుండా ఏడ్చింది. ఒకటి రెండు చుక్కలు ఆ పిల్ల మెడ మీద పడే ఉంటాయి. అమ్మడు కదల్లేదు. జడ మాత్రం ఆ రోజు చక్కగా వచ్చింది.

గురువారం పెద్దాఫీసు మనిషి వచ్చాడు. అద్దాల గదిలో ముగ్గురికి చోటు చాలదని మడతల బల్ల దగ్గరే కుర్చీ వేశారు. ఆయన సన్నగా, అలిసిపోయినట్టున్నాడు. మాటిమాటికీ ఆవిరికి మసకబారుతున్న కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన మాట వినపడటానికి రోలరు ఆపమన్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గదిలో పట్టపగలు నిశ్శబ్దం వచ్చింది. నురగ పెద్దమ్మ, బండి తోసేవాళ్ళు, కొత్తామె గోడ వారగా నిలబడ్డారు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి."

"ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

సూపర్‌వైజరు హాజరు పుస్తకం గుండెలకి హత్తుకుని ఆమె వైపే చూస్తోంది. మడతలమ్మ బల్ల మీద అలవాటుకొద్దీ అరచెయ్యి రాసింది. అక్కడ గుడ్డేమీ లేదు.

"సంతకం ఒక్కటే నిజమండి. కమ్మీ కట్టింది అమ్మడు కాదు, నేను. ఈ చేతుల్తోనే కట్టాను. అక్క కట్టమంది, నేను కట్టాను. నిన్న భయపడి దీని మీద సంతకం పెట్టాను."

గోడ వార ఎవరో ఊపిరి ఎగబీల్చారు. పెద్దాఫీసు మనిషి కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చూశారా సార్!" అంది సూపర్‌వైజరు. "కట్టింది నేనే అని తనే ఒప్పుకుంటోంది. తప్పు బయటపడేసరికి నామీదికి తోస్తోంది. నేను కట్టమన్నానట! ఎవరైనా విన్నారా? అడగండి సార్, ఇంతమంది ఉన్నారు కదా. నేను అలా అనగా విన్నవాళ్ళు ఒక్కరుంటే చూపించమనండి."

ఆయన గోడ వైపు చూశాడు. ఎవరూ వినలేదు. నురగ పెద్దమ్మ విన్నానని అనబోయి, అబద్ధం చేతకాక, పెదవి కొరుక్కుంది.

మడతలమ్మ ఏప్రాను జేబులో చెయ్యి పెట్టింది. రుమాలు విప్పింది, మెత్తబడిన అట్టముక్క తీసి పక్కన పెట్టింది. వేళ్ళు ఏప్రానుకి కాస్త తుడుచుకుంది. పట్టీ తెరిచి, అన్నిటికన్నా పైన ఉన్న పేరు మీద, ఇన్ని రోజుల్లో మొదటిసారి, తన వేలితో తనే నొక్కింది. గొంతు అందరికీ వినపడే మీట కూడా నొక్కి బల్ల మీద పెట్టింది.

నాలుగుసార్లు మోగింది.

"ఏంటక్కా, మళ్ళీ దానంతటదే కలిసిందా?"

"లేదే అమ్మడూ. ఈసారి నేనే చేశాను."

అవతల బుడ్డిదేదో అంటోంది. అమ్మడు దాన్ని ఊరుకోమన్నట్టు తెలిసింది.

"ఇక్కడ పెద్దాఫీసు ఆయన ఉన్నారు. అందరూ ఉన్నారు. నిన్న మధ్యాహ్నం నువ్వు ఫోనులో ఏం విన్నావో చెప్పమ్మా."

సూపర్‌వైజరు ఫోను వైపు ఒక అడుగు వేసి ఆగింది. పెద్దాఫీసు మనిషి కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకి వంగాడు.

"నేనెత్తలేదని చెప్పాను కదక్కా" అంది అమ్మడు చివరికి, చిన్న గొంతుతో.

"చెప్పావు. పద్నాలుగు నిమిషాలు ఎత్తలేదు. నాకు తెలుసు." మడతలమ్మ ఫోను మీద చెయ్యి వేసింది. "నా మొహం చూడకు. కట్టమన్నానని అక్క అన్నది చెప్పు. నేను కట్టానన్నదీ చెప్పు. తర్వాత నేనేం చేశానో అదీ చెప్పు."

"అంతా చెప్పాలా?"

"అంతా చెప్పు."

మడతలమ్మ ఫోనుని పెద్దాఫీసు మనిషి ముందుకి జరిపి, దాని మీదినుంచి చెయ్యి తీసేసింది. అమ్మడు గొంతు సవరించుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.